నీళ్ళు దూరని డబ్బా

పంపుల మేస్త్రికి కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. తప్పు స్పానరు పెట్టి నట్టు అంచులు అరగదీసినవాణ్ణి చూసినా వస్తుంది. మోటారు మాడి మసైపోయాక షెడ్డుకు మోసుకొచ్చి "నిన్నటిదాకా బాగానే ఉందే" అనేవాణ్ణి చూసినా వస్తుంది. కానీ ఆ ఆదివారం పొద్దున ఫోనులో ఆ ఫొటో చూడగానే వచ్చిన కోపం వేరే రకం. టీ గ్లాసు నోటిదాకా వెళ్ళి అక్కడే ఆగింది.

ఫొటోలో ఉన్నది తన డబ్బా. మూత ఊడదీసి, బోర్లించి, పక్కన ఉబ్బిపోయిన నోటుపుస్తకం పెట్టి, దొంగసొత్తు పట్టుకున్నట్టు ఫొటో తీశారు. కింద డబ్బాల ఆట సంఘం ప్రెసిడెంటు రాత.

"కాలువ వంతెన డబ్బాలోకి నీళ్ళు. పుస్తకం పాడు. షెడ్డుల్లో తయారుచేసే నాసిరకం డబ్బాలు వద్దని ఎన్నిసార్లు చెప్పినా కొందరి చెవికి ఎక్కదు. డబ్బా నేనే తీసేశాను. ఈ రోజు పదకొండింటి మీటింగులో దీన్ని ఆట నుంచి తొలగిద్దాం."

ఆట తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెప్పాలి. ఒకడు ఊళ్ళో ఎక్కడో ఓ డబ్బా దాస్తాడు. ఆ చోటు ఫోనులో గుర్తు పెడతాడు. మిగతావాళ్ళు పొదల్లో దూరి, గోడలు ఎక్కి వెతుకుతారు. డబ్బా దొరికినవాడు లోపలున్న పుస్తకంలో తేదీ, తన ఆటపేరు రాసి మళ్ళీ ఎక్కడిదక్కడ పెట్టేసి వస్తాడు. అంతే. కప్పూ లేదు, చప్పట్లూ లేవు. పనీపాటా లేనివాళ్ళ యవ్వారమని మేస్త్రి మొదట్లో నవ్వాడు. కూతురే చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. మూడో డబ్బా దొరికేసరికి అతనికి పిచ్చి పట్టింది. ఆ పిచ్చి వెతకడం మీద కాదు, డబ్బాల మీద. దొరికిన ప్రతి డబ్బాలోనూ పుస్తకం నాని, బూజు పట్టి, ముక్కు మూసుకునేలా ఉండేది. "ఇంతమంది చదువుకున్నోళ్ళున్నారు, నీళ్ళు దూరని డబ్బా ఒక్కటి ఎంచుకోవడం రాదా వీళ్ళకి?" అని దారంతా తిట్టుకుంటూ వచ్చాడు.

నీళ్ళు ఎక్కడ దూరతాయో ఎక్కడ దూరవో చూడడమే పాతికేళ్ళుగా అతని బతుకు. బోరులో వందల అడుగుల కింద మునిగి ఉండే మోటారులోకి చుక్క పోకుండా సీలు వేసే చెయ్యి అది. ఏడాది పాటు పదకొండు రకాల డబ్బాలను పరీక్షకు పెట్టాడు. ప్రతిదాంట్లో ఓ కాగితం ముక్క వేసి, సగం రోజులు షెడ్డు రేకుల మీద ఎండలో, సగం రోజులు డ్రమ్ములో ఇటుక కింద. ప్లాస్టిక్ అన్నం డబ్బా ఒక్క ఎండాకాలానికే పెళుసెక్కి, వేలితో నొక్కితే పెంకులా విరిగింది. రేకు డబ్బా తుప్పుపట్టి మూత ఊడనంది. మందుసీసా బాగానే ఆగింది గానీ, ఎవడి కాలికిందైనా పగిలితే ఆ పాపం తనకెందుకని పక్కన పెట్టాడు. ప్రెసిడెంటు తెగ పొగిడే ఆకుపచ్చ నాలుగు క్లిప్పుల డబ్బాకు ఏడో నెలలో ఒక క్లిప్పు లేచిపోయింది. ఆఖరికి నిలిచింది ఒక్కటే. చచ్చిపోయిన మోటారుకు వైర్లు కలిపే చోట ఉండే అల్యూమినియం గిన్నె. అరంగుళం మందం, తిప్పి బిగించే మరలున్న మూత, మూత అంచులో గాడి, ఆ గాడిలో నల్ల రబ్బరు రింగు. రింగుకు తెల్ల గ్రీజు పూశాడు. చేతికి దొరికిందని మామూలు గ్రీజు పూస్తే రబ్బరు ఉబ్బి గాడిలోంచి బయటికొస్తుంది, అది తెలియక చాలామంది చెడగొట్టుకుంటారు. లోపల పుస్తకం, బ్లేడుతో చెక్కిన పెన్సిలు, మూతకు లోపలివైపు ఓ చీటీ. "పెన్సిలుతోనే రాయండి."

కాబట్టి ఆ డబ్బాలోకి నీళ్ళు పోయాయని ఎవడైనా అంటే, వాడు తన పాతికేళ్ళ బతుకు మీద ఉమ్మినట్టే.

అయితే అతని ఒంట్లో నిప్పు పెట్టింది ఆ మాట కాదు. ఉబ్బిపోయిన ఆ పుస్తకం.

నాలుగు నెలల కిందట కూతురు షెడ్డులో స్పానరు తుడుస్తూ తుడుస్తూ, కాలేజీ మానేస్తానంది. పంపుల పని నేర్చుకుంటానంది. మేస్త్రి చదివింది ఏడో తరగతి. ఆఫీసర్ల ఇళ్ళకు పనికెళ్తే "ఏయ్ మోటారూ, చెప్పులు బయటే" అంటారు. ఆ మాట కూతురు పడకూడదనే కదా ఇంత చాకిరీ. ఎదురుగా ఇద్దరు గిరాకీలున్నారని కూడా చూడకుండా ఎగిరిపడ్డాడు. "ఈ గ్రీజులో పొర్లడానికా నిన్ను కన్నది? ఇంకోసారి ఈ గడప తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతా!" పిల్ల ఏడవలేదు. స్పానరు దాని మేకుకు తగిలించి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి మూడు గదుల ఇంట్లో తండ్రీకూతుళ్ళు ఒకరికొకరు గోడలు.

వారం తర్వాత వంతెన కిందికి వెళ్ళి తన డబ్బా తెరిస్తే, పుస్తకంలో గుండ్రటి అక్షరాలు. "పదమూడో నంబరు. డబ్బా బాగుంది. మూత పావు చుట్టు ఎక్కువ బిగించారు." పదమూడో నంబరు స్పానరు ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ చేతి కర్ర లాంటిది, అదే ఆటపేరుగా పెట్టుకుంది. మేస్త్రి అక్కడే గడ్డిలో గొంతుక్కూర్చుని కింద రాశాడు. "బిగింపు సరిగ్గానే ఉంది. నీకే ఒంట్లో సత్తువ లేదు. పొద్దున తినకుండా వెళ్తున్నావు." మరుసటి వారం దానికి జవాబు. ఇంట్లో ఒకే బల్ల దగ్గర నోరు విప్పకుండా తినేవాళ్ళు, వంతెన కింద మాత్రం పుస్తకంలో పోట్లాడుకునేవాళ్ళు. ఈ సంగతి ఇంటావిడకు కూడా తెలియదు.

ఈ మూడు వారాలూ వానలు. ఊరంతా మోటార్లు మునిగి, మేస్త్రికి వంతెన దగ్గరికి వెళ్ళే తీరిక దొరకలేదు. ఇప్పుడు ఆ పుస్తకం ప్రెసిడెంటు చేతిలో ఉంది. అందులో పిల్ల ఏదైనా రాసి ఉంటే అది నీళ్ళపాలు.

"ఎవడో తడిచేతుల వెధవ చేసిన పని ఇది" అని టీ గ్లాసు బల్ల మీద కొట్టి లేచాడు.

బావమరిది వ్యానులో బయల్దేరారు. అతను సరుకుల వ్యాను నడుపుతాడు, బావకు తోడుండమన్న అక్క పోరు పడలేక ఆటలో చేరాడు, ఇంతవరకు ఒక్క డబ్బా కూడా స్వయంగా కనిపెట్టలేదు.

"బావా, అక్కడ నోరు కాస్త అదుపులో పెట్టుకో. ఆయన పెద్దమనిషి."

"పెద్దమనిషైతే నా డబ్బా ముట్టుకునే ముందు నాకు ఫోను చెయ్యాలిగా?"

"చేసుంటే ఎత్తేవాడివా? నేను చేస్తేనే ఎత్తవు."

"నువ్వు చేసేది వ్యాను తొయ్యడానికి రమ్మని."

"సరే, తొయ్యడానికే అనుకో. ఇవాళ మాత్రం వాళ్ళనెవర్నీ తొయ్యకు."

మీటింగు అచ్చుషాపు మీది గదిలో. ప్లాస్టిక్ కుర్చీలు, సిరా వాసన, పదిహేను మంది. ప్రెసిడెంటు ఇన్సూరెన్సు ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనవాడు. ఎవరి ఇల్లు తగలబడినా తప్పు వాళ్ళదేనని తేల్చి, తేల్చి, ఆ చూపే మొహాన మిగిలిపోయింది. బల్ల మీద గుడ్డ పరిచి డబ్బా పెట్టాడు. పుస్తకాన్ని ఓ పారదర్శకమైన కవరులో పెట్టాడు. మేస్త్రికి చెయ్యి జిలపెట్టింది.

"రావయ్యా మేస్త్రీ, కూర్చో" అన్నాడు ప్రెసిడెంటు. "నీ ఉత్సాహాన్ని మేమెవరం తప్పుపట్టడం లేదు. కానీ ప్రతిదానికీ ఓ ప్రమాణం ఉంటుంది. కంపెనీవాళ్ళు పరీక్షించి అమ్మే డబ్బాలుండగా, ఈ పాత ఇనుప సామాను..."

"ఇనుము కాదు సార్. అల్యూమినియం."

"ఏదో ఒకటి."

"ఏదో ఒకటి ఎలా అవుద్ది సార్? మీ పింఛను ఎవడో ఒకడికిచ్చి పంపిస్తే ఊరుకుంటారా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. బావమరిది కుర్చీలో కిందికి జారాడు.

"నీళ్ళు దూరాయా లేదా? అది చెప్పు" అన్నాడు ప్రెసిడెంటు.

"బకెట్టు తెప్పించండి. చెప్పడమెందుకు, చూద్దురు గాని."

కింద అచ్చుషాపు నుంచి బకెట్టు నిండా నీళ్ళు వచ్చాయి. మేస్త్రి మూత తిరగేసి రింగు మీద గోరు నడిపాడు. గ్రీజు తెల్లగా, పెట్టింది పెట్టినట్టే ఉంది. బయటి నుంచి కాలువ నీళ్ళు దూరి ఉంటే గాడిలో మట్టి చార ఉండాలి. వెంట్రుకంత చార లేదు. లోపల గుడ్డతో తుడిచి, ప్రెసిడెంటు ఫైల్లోంచే ఓ కాగితం చించి వేసి, మూత బిగించి, మోచేతి దాకా ముంచి పట్టుకున్నాడు. చేతి వెంట్రుకలకు అంటుకున్న బుడగలు రెండు పైకొచ్చాయి. డబ్బా నుంచి ఒక్కటి రాలేదు. ప్రెసిడెంటు గడియారం చూస్తూ పది నిమిషాలు లెక్కపెట్టాడు. మేస్త్రి చెయ్యి బిగుసుకుపోయింది, తీయలేదు. చివరికి తీసి, తుడిచి, మూత విప్పి, కాగితం తీసి ఆయన మొహం ముందు గలగలలాడించాడు.

"తడుందా? తడుందా సార్?"

"మరి పుస్తకంలోకి నీళ్ళు ఆకాశం నుంచి ఊడిపడ్డాయా?"

"ఇటివ్వండి."

కవరులోంచి పుస్తకం తీశాడు. అట్ట కాస్త మెత్తబడింది, అంతే. మొదటి పేజీలు అలలు తేలాయి గానీ అక్షరాలు బతికే ఉన్నాయి. మధ్యకు వెళ్ళేకొద్దీ ముద్ద.

"చూడండి. అందరూ రండి, చూడండి. నీళ్ళు బయటి నుంచి వస్తే ముందు నానేది అట్ట. ఇక్కడ అట్ట బాగుంది, నడుమ నానింది. అంటే ఏంటి? పుస్తకం తెరిచి ఉండగా తడిసింది. ఎవడో వానలో నిలబడి రాసి, తడి పుస్తకాన్ని అలాగే మూసి, తడి చేత్తోనే మూత బిగించి పోయాడు. మీ నాలుగు క్లిప్పుల డబ్బా అయితే ఆ తడి సందుల్లోంచి ఎలాగోలా ఆరేది. నా డబ్బా బయటి చుక్కను లోపలికి రానివ్వదు, లోపలి చుక్కను బయటికి పోనివ్వదు. మూడు వారాలు అందులోనే ఉడికింది పుస్తకం. డబ్బాది తప్పా ఇది? ఆ మూసినవాడిది! ఎవడో ఆ గాడిద, పేరు చదవండి! ఆఖరి సంతకం ఎవడిదో గట్టిగా చదవండి, అందరూ వినాలి!"

ప్రెసిడెంటు కళ్ళజోడు పెట్టుకున్నాడు. రాసినవాటిలో ఆఖరి పేజీ అంతా నీలం మరక. పెన్నుతో రాసింది, సిరా కరిగిపోయింది. పై అంచున మాత్రం ఒక వరస మిగిలింది.

"తేదీ... పెద్ద వాన పడిన రోజే. నువ్వన్నది నిజమే మేస్త్రీ. పేరు పద... పదమూడో నంబరు. పేజీ నిండా ఏదో రాసినట్టున్నాడు, ఒక్క ముక్క అందడం లేదు."

మేస్త్రి నోరు తెరిచే ఉంది. తన చేతికింద పెరిగిన పిల్ల, చెయ్యి తుడుచుకోకుండా గ్రీజు డబ్బా కూడా ముట్టుకోని పిల్ల, తడి చేత్తో మూత బిగిస్తుందని అతని బుర్రకు తట్టనే లేదు.

"ఎవరండీ ఈ పదమూడో నంబరు?" అన్నాడు ప్రెసిడెంటు, తప్పు ఇంకొకరిది కావడంతో గొంతు తేలికపడి. "ఇలాంటివాళ్ళను ముందు ఆట నుంచి తీసెయ్యాలి. గాడిద అన్నా తప్పులేదు, మేస్త్రి సరిగ్గానే అన్నాడు."

"నేనంటే అన్నాను. నువ్వనకు."

"ఏంటీ?"

"నోరు జాగ్రత్త అంటున్నా. అది నా కూతురు."

గది ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాత పకపకా నవ్వింది. ప్రెసిడెంటు అందరికంటే ఆఖర్న నవ్వి, అందరికంటే ఎక్కువసేపు నవ్వాడు. "ఓహో, ఇంటి గొడవా! ఇంట్లో చెప్పుకోక మా నెత్తికెందుకయ్యా తెచ్చావు?"

"నేను తెచ్చానా? నా పిల్ల రాసింది నువ్వు కవరులో పెట్టి సంతలో పెట్టావు! నీ ఆట వద్దు, నీ ప్రమాణాలూ వద్దు. ఆ గడియారం చూసుకుంటూ కూర్చో!"

డబ్బా ఒక చంకలో, పుస్తకం ఇంకో చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు. బావమరిది వెనకాలే పరిగెత్తుకొచ్చి వ్యాను తీశాడు. దారిలో ఒక్కసారే నోరు విప్పాడు. "బావా, గెలిచింది మనమేగా?" మేస్త్రి చూసిన చూపుకు గబుక్కున రోడ్డు వైపు తిరిగాడు.

మేస్త్రి దారంతా ఆ నీలం మరకనే వెలుతురుకు పట్టి చూశాడు. ఒకచోట "వద్దు" అన్నట్టుంది. అది "వద్దు" కావచ్చు, "వద్ద" కావచ్చు. పేజీ నిండా రాసింది. ఇంతవరకు రెండు వరసలు దాటి రాయని పిల్ల పేజీ నిండా రాసింది. అది తెలుసుకోవాలంటే ఒక్కటే దారి. నోరు తెరిచి అడగడం. నాలుగు నెలల తర్వాత, తనే ముందుగా. తలుచుకుంటేనే పళ్ళు నూరుకున్నాడు.

కూతురు పెరటి మెట్టు మీద కూర్చుని బూట్లకు బ్రష్షు కొడుతోంది. మేస్త్రి ఎదురుగా నిలబడి పుస్తకం ముందుకు చాపాడు.

"ఏం రాశావు ఇందులో?"

పిల్ల తలెత్తింది. పుస్తకం చూసింది, మొహం పాలిపోయింది. "చదవలేదా?"

"ఏముంది చదవడానికి? నానింది."

"నీ డబ్బాలోకి నీళ్ళు పోవుగా!"

"పోలేదు. నువ్వు పోశావు. వానలో తెరుస్తారా ఎవరైనా?"

"ఆ రోజే ధైర్యం వచ్చింది. వాన ఆగేదాకా ఆగితే అది పోయేది."

"పెన్సిలుండగా పెన్నెందుకు పెట్టావు? చీటీ కనబడలేదా?"

"పెన్సిలైతే చెరిపేస్తానేమోనని."

వంటింట్లోంచి ఇంటావిడ గరిటె పట్టుకునే వచ్చి గుమ్మంలో నిలబడింది. "నాలుగు నెలలకు నోళ్ళు పెగిలాయి, సంతోషం. మాట్లాడుకునేది పెన్నులూ పెన్సిళ్ళ గురించా?"

"నువ్వుండవే! ఏం రాశావో చెప్పు."

పిల్ల బ్రష్షు కింద పెట్టింది. "పంపులు తయారుచేసే ఫ్యాక్టరీ వాళ్ళది ట్రైనింగు స్కూలు ఉంది. బస్సులో నాలుగు గంటలు. రెండేళ్ళు అక్కడే ఉండి నేర్చుకోవాలి. పరీక్ష రాశాను, సీటొచ్చింది. నీకు ఇష్టం లేకపోతే నెలాఖరు లోపల వద్దు అని రాయి, ఆ సీటు వదిలేస్తాను, కాలేజీలోనే ఉంటాను అని రాశా. ఏమీ రాయకపోతే పొమ్మన్నట్టే అనుకుంటానని రాశా."

"నెలాఖరు..."

"మొన్న అయిపోయింది. నిన్న సంతకం పెట్టి ఇచ్చేశాను."

"నేను చదవనే లేదు కదే!"

"నాకేం తెలుసు? ప్రతి ఆదివారం వెళ్తావుగా."

"ఒక్కసారి వెళ్ళి చూసుకోవద్దా? జవాబుందో లేదో చూడాల్సిన పనిలేదా?"

"చూస్తే వద్దు అని ఉంటుందని తెలుసు."

"ఉండేదే! ఆ పేజీ అంత అక్షరాలతో రాసేవాణ్ణి, వద్దని!"

"అందుకే చూడలేదు."

మేస్త్రి పుస్తకాన్ని గోడకేసి కొట్టాడు. అది తడిగుడ్డలా చప్పుడు చేసి కిందపడింది. ఎవణ్ణి తిట్టాలి? ప్రెసిడెంటును తిట్టి వచ్చాడు. రింగును తిట్టడానికి లేదు, దాని పని అది చేసింది. నాసిరకం డబ్బా పెట్టి ఉంటే ఈపాటికి ఆ కాగితం ఆరి, రెండు ముక్కలైనా చదవడానికి మిగిలేవి. ఏడాది పాటు ఎంచి ఎంచి, ఊళ్ళో ఎవడికీ చేతకాని డబ్బా చేసి, తన నోరు తనే సీలు వేసుకున్నాడు.

"కాగితాలేవి? తే ఇటు."

పిల్ల లోపలికెళ్ళి రెండు పేజీల ఫారం నకలు తెచ్చింది. మేస్త్రి మెట్టు మీద చతికిలబడి, వేలు పెట్టి వరస వరసా చదివాడు. మొదటి పేజీ అయింది. రెండోదీ అయింది. మళ్ళీ మొదటికి వచ్చాడు.

"తండ్రి సంతకం ఎక్కడ?"

"అడగలేదు. నాకు పందొమ్మిది దాటాయిగా."

"అడగనప్పుడు, ఆ వానలో, ఆ బురదలో దిగి నన్నెందుకు అడిగావు మరి?"

పిల్ల ఒక బూటు తీసుకుని, తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది. ఇంటావిడ లోపలికి వెళ్ళిపోయింది. మేస్త్రి మళ్ళీ కాగితం మీదికి వంగాడు. ఉన్నట్టుండి అతని వేలు ఒక వరస మీద ఆగింది.

"ఇదేంటి?"

"ఏంటి?"

"ఇక్కడ. వైండింగు పన్నెండు వారాలు. లేతు పని పది వారాలు. సీళ్ళు, రింగులు, ఒక వారం. ఒక్క వారం! రెండేళ్ళలో సీలుకు ఒక్క వారమా? మోటారు చచ్చేదే సీలు పోయి! ఏం నేర్పుతారు వీళ్ళు, వీళ్ళ మొహాలకు? ఏ వెధవ రాశాడు ఇది?"

"నాకేం తెలుసు నాన్నా, వాళ్ళ సిలబస్సు వాళ్ళది."

"ఎప్పుడు పోవాలి?"

"ఇంకా పది రోజులుంది."

"రేపటి నుంచి షెడ్డుకు రా. వాళ్ళకు తెలియకపోతే మానె, నీకన్నా తెలియాలి. అక్కడికెళ్ళి సీలు కూడా రాదనిపించుకుంటే నా పరువు పోతుంది. అంతే గాని, నేను సరే అన్నట్టు కాదు. తెలిసిందా? నేను సరే అనలేదు."

"తెలిసింది. పదింటికి వస్తా."

"ఎనిమిదింటికి! పదింటికి రావడానికి నువ్వేమన్నా ఆఫీసరువా?"